చివరి స్టాల్ దగ్గర నిలబడితే...

చేతిలో యాభై మీటర్ల టేపు. చొక్కా జేబులో సుద్దముక్క. పెళ్లికి హాలు చూడవచ్చేవాళ్లెవరూ ఇవి వెంట తెచ్చుకోరు. అందుకే మేనేజరు ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"ఎవరిది సార్ పెండ్లి... బాబుదా, పాపదా?"

"అరవై రెండు మందిదండీ" అన్నారాయన, టేపు కొస మేనేజరు చేతికే అందిస్తూ.

ఆయన పెళ్లికూతురి తండ్రి కాదు. పచ్చళ్లు నింపేవి, కారం పట్టేవి, పొట్లాలు కట్టేవి... ఇలాంటి చిన్నచిన్న యంత్రాలు చేసేవాళ్ల సంఘానికి కార్యదర్శి. జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లి షెడ్లలో పనిచేసుకునే మనుషులు వాళ్లంతా. ఇన్నాళ్లూ ఎవరో పెట్టిన ఎగ్జిబిషన్లలో స్టాళ్లు తీసుకున్నారు. ఈసారి సొంతంగా పెట్టుకుందామనుకున్నారు. మూడు రోజులు. స్టాలుకు 45 వేలు, పైన 18 శాతం జీఎస్టీ, వెరసి 53,100 రూపాయలు. నలుగురు పనివాళ్లతో షెడ్డు నడిపేవాడికి అది చిన్న మొత్తం కాదు. పైగా సంఘం ఖాతాలో అడ్వాన్సుకు సరిపడా డబ్బు లేదు. హాలువాళ్లకు హామీగా ఇచ్చిన చెక్కు మీద కార్యదర్శి సంతకమే ఉంది!

"హాలు దొరికితే సగం పని అయినట్టే" అన్నారు అందరూ. ఆయన నవ్వి ఊరుకున్నారు. ఆయన బీరువాలో ఓ పాత బ్యాడ్జీ ఉంది మరి.

పదకొండు కార్డులు

ఆయనది తణుకు దగ్గర పల్లె. హైదరాబాద్ వచ్చి షెడ్డు పెట్టిన కొత్తలో, భార్య గాజులు కుదువపెట్టి వేరే నగరంలో ఒక ఎగ్జిబిషన్‌కి వెళ్లారు. తీరా చూస్తే స్టాల్ అసలు హాల్లో లేదు. దాని వెనక అనుబంధంగా ఉన్న గదిలో, స్తంభం చాటున ఉంది. మూడు రోజులు నిలబడితే చేతికొచ్చినవి పదకొండు విజిటింగ్ కార్డులు. ఆగి మాట్లాడినవాళ్లలో సగం మంది "టాయిలెట్ ఎటండీ?" అని అడిగినవాళ్లే. అద్దె మాత్రం, గుమ్మం ఎదుట స్టాల్ తీసుకున్నవాడు కట్టినంతా కట్టారు.

అప్పటినుంచీ ఏ హాలు చూసినా గుమ్మంలో నిలబడి చూడరాయన. నేరుగా లోపలికెళ్లి, అన్నిటికంటే దూరంగా ఉన్న మూల వెతుక్కుని అక్కడ నిలబడతారు. అక్కడినుంచి గుమ్మం కనిపిస్తుందా? మనుషులు ఇక్కడిదాకా వస్తారా? వస్తే ఎందుకొస్తారు? ఈ మూడింటికీ జవాబు దొరక్కపోతే, ఎంత మెరిసే హాలైనా ఆయనకు పనికిరాదు.

హైదరాబాద్‌లో ఎగ్జిబిషన్ అనగానే ఎవరికైనా నాంపల్లి గుర్తొస్తుంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో వంద స్టాళ్లతో మొదలై, 1946లో ఇప్పుడున్న మైదానానికి మారిన నుమాయిష్ అది. జనవరి 1 నుంచి మామూలుగా 46 రోజులు. పక్కనే రైల్వేస్టేషను, ఎదురుగా గాంధీభవన్ మెట్రో. కానీ అది జనం పండగ. మిర్చి బజ్జీ తింటూ, జెయింట్ వీల్ ఎక్కుతూ వచ్చే లక్షల మందిలో ష్రింక్ టన్నెల్ కొనేవాడెవరో ఎలా పట్టుకోవడం? ఇక 2003 నుంచీ ఉన్న హైటెక్స్ పెద్ద ప్రదర్శనలకే పుట్టిన చోటు. అరవై స్టాళ్లు అక్కడ వేస్తే పెద్దమనిషి చొక్కా పిల్లాడికి తొడిగినట్టుంటుంది. స్టార్ హోటల్ బాల్‌రూమూ చూశారు. తివాచీ మీద గ్రీజు చుక్క పడితే ఎంతో అడిగి, మాట్లాడకుండా బయటికొచ్చేశారు. మైదానంలో టెంట్లు వేద్దామన్నారు కొందరు. వానాకాలంలో యంత్రాల్ని టెంటు కింద పెట్టడానికి ఆయనకు మనసొప్పలేదు.

వానాకాలంలోనే ఎందుకంటారా? దానికో లెక్కుంది.

ఆషాఢం లెక్క

వాళ్ల యంత్రాలు కొనేదెవరు? రైస్ మిల్లు వాళ్లు, పప్పు మిల్లు వాళ్లు, పచ్చళ్లవాళ్లు, కారం మిల్లు వాళ్లు, స్వీట్ షాపులవాళ్లు, పిండివంటలు చేసి అమ్మే మహిళా సంఘాలు. ఆవకాయ కాలంలో పచ్చళ్లవాళ్లకు తల తిప్పుకునే తీరిక ఉండదు. ఖరీఫ్ ధాన్యం మిల్లులకొచ్చే నెలల్లో మిల్లరు ఊరు కదలడు. దసరా, దీపావళి ముందు మిఠాయివాళ్లు దొరకరు. ఇలా కొట్టేసుకుంటూపోతే అందరూ కాస్త ఖాళీగా ఉండేది జులై ప్రాంతంలోనే.

అప్పటికి ఆషాఢం వస్తుంది. పెళ్లిళ్లుండవు. మాఘంలోనో, వైశాఖంలోనో ముహూర్తం రోజున అడిగితే ముఖం తిప్పుకునే కన్వెన్షన్ హాళ్లవాళ్లు, ఆషాఢంలో కాఫీ ఇచ్చి కూర్చోబెడతారు. అద్దె బేరం కుదురుతుంది. పైగా స్టాళ్లు కట్టుకోవడానికి ముందు రోజు, విప్పుకోవడానికి ఆ తర్వాత ఒక పూట కావాలి కదా... పెళ్లిళ్ల కాలంలో ఆ అదనపు రోజు కూడా మరో పెళ్లి అద్దె కిందే లెక్క!

ఆషాఢ ఆదివారాలు జంటనగరాల్లో బోనాలు. దారులు మళ్లిస్తారు, పనివాళ్లు దొరకరు. అందుకని గురు, శుక్ర, శనివారాలు ఖాయం చేశారు.

అలా చూసి చూసి ఆగింది, కొంపల్లి నుంచి మేడ్చల్ వెళ్లే దారిలోని ఈ హాలు దగ్గర. నిజామాబాద్, ఆదిలాబాద్ బస్సులు ఎదురుగానే పోతాయి. ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర. జీడిమెట్ల నుంచి యంత్రాలు తేవడానికి లారీలు నగరం నడిబొడ్డులోకి వెళ్లక్కర్లేదు. అక్కడైతే పగటిపూట భారీ వాహనాలకు ఆంక్షలు. తాండూరు పప్పు మిల్లాయనా, కాకినాడ మిఠాయిలాయనా పొద్దున్నే సికింద్రాబాద్‌లో దిగితే, అక్కడినుంచి రెండు బస్సులు తిప్పితే సరిపోతుంది.

"ఇరవై వేల అడుగులు సార్. రెండువేల మంది కూసుంటరు" అన్నాడు మేనేజరు.

కూర్చునే లెక్క వేరు, స్టాళ్ల లెక్క వేరు. ఇరవై వేల అడుగులంటే 1,850 చదరపు మీటర్ల పైమాట. అందులోంచి పెళ్లివేదిక, మెట్లు, చేతులు కడుక్కునేచోటు, గుమ్మం ముందరి హంగూ తీసేస్తే టేపుకు మిగిలింది ప్రధాన హాల్లో వెయ్యి మీటర్లు, పక్కనున్న డైనింగ్ హాల్లో 350. ఒక స్టాల్ మూడు మీటర్ల పొడవు, మూడు వెడల్పు... అంటే తొమ్మిది. దానికి తగ్గ నడవలు, తలుపుల ముందు ఖాళీ వదిలితే, నేలలో సగానికి తక్కువే స్టాళ్లకు దక్కుతుంది. సుద్దముక్కతో గీసుకుంటూ పోతే అక్కడ 46, ఇక్కడ 16. మొత్తం 62. అడిగిందేమో 80. రెండేసి కావాలన్నవాళ్లు పద్దెనిమిది మంది. వాళ్లందరికీ ఒక్కొక్కటే అని ఆరోజే చెప్పేశారు. ముగ్గురు అలిగారు. ఇప్పటికీ ఒకరు ఫోనెత్తరట!

అసలు గొడవ తర్వాత వచ్చింది. కోశాధికారి గీతల కాగితం పట్టుకొచ్చి, "పక్క తలుపుల ముందు రెండు, ఈ నడవ మూడు మీటర్ల నుంచి రెండుకు తగ్గిస్తే ఇంకో రెండు. నాలుగు నలభై అయిదులు... లక్షా ఎనభై వేలు అన్నా!" అన్నారు. సంఘానికి అది నిజంగా అవసరమైన డబ్బు. చెక్కు మీద సంతకం చేసిన మనిషికి ఇంకా అవసరం.

కార్యదర్శి ఒప్పుకోలేదు. 2019 జనవరి 30 రాత్రి నుమాయిష్‌లో మంటలంటుకుని వందకు పైగా స్టాళ్లు కాలిపోయాయి. ప్రాణనష్టం లేకపోయినా, సరుకంతా బూడిదై రోడ్డున పడ్డ వ్యాపారుల్ని ఆ మర్నాడు టీవీలో చూసినవాళ్లెవరూ మర్చిపోలేరు. ప్లైవుడ్డు, గుడ్డ, అట్టపెట్టెలు, అతుకుల వైర్లు... ఏ ఎగ్జిబిషన్‌లోనైనా ఉండేవి ఇవే. "ఆ తలుపుల్లో నాలుగు రోజులూ ఒక్కడు నడవకపోయినా ఫర్లేదు, అవి తలుపుల్లాగే ఉండాలి" అన్నారు. ఆ సాయంత్రం ఇద్దరూ టీ తాగకుండానే విడిపోయారు. మొత్తం తయారీలో కచ్చితంగా సరైన నిర్ణయం ఏదైనా ఉందంటే అదే.

హాలుకు వెనకే ముందు

ఇక డైనింగ్ హాలు. పదహారు స్టాళ్లు అందులో వేయాలి. ఆయన గాజులు పోగొట్టుకున్న గది లాంటిదే అది. ముందు గుమ్మంలోంచి వచ్చినవాళ్లు పెద్దహాలు చూసుకుని అటే వెళ్లిపోతారు. "ఆ పదహారు మందికీ అద్దె తగ్గిద్దాం" అన్నారు కమిటీలో. అద్దె తగ్గించినంత మాత్రాన మనుషులు రారు కదా!

ఆయన హాలునే వెనక్కి తిప్పేశారు. పార్కింగు వైపున్న డైనింగ్ హాలు తలుపును రాకకు పెట్టారు. పేర్లు రాసుకునే బల్లలు అక్కడే. అక్కణ్నుంచి పెద్దహాల్లోకి. పెళ్లివారు మేళతాళాలతో ప్రవేశించే ఏనుగు తొండాల గుమ్మం, బయటికెళ్లే దారి. మేనేజరుకు ఇది అపశకునంలా తోచింది. మరి వేదిక పక్కనున్న మూల? స్తంభం చాటున, 62వ నంబరు. ఆ స్టాల్ తనకే రాసుకున్నారు. ఆ తర్వాత తాపీగా టీ కౌంటరును పెళ్లివేదిక మీద పెట్టించారు. వధూవరుల సింహాసనాలుండేచోట అల్లం టీ!

యంత్రాలకు కరెంటు ఇంకో కథ. పెళ్లి హాల్లో కరెంటంతా ఏసీలకూ, దీపాలకే. పల్వరైజరుకు అయిదు హార్స్‌పవర్ మోటారు. దానికి త్రీఫేజ్ కావాలి. ఎవరికెన్ని కిలోవాట్లో కాగితం మీద రాసివ్వమంటే సగం మంది "మామూలే సార్" అని రాశారు. ఎలక్ట్రీషియన్ ఆ కాగితాలు చూసి, "మామూలంటే ఎంత సార్? గీ వైరు మీద గన్ని మోటార్లు ఎక్కిస్తే పెండ్లి గాదు, ఇంకోటైతది" అన్నాడు. మళ్లీ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి యంత్రం మీద రేకుముక్కపై అంకెలు చదివించుకుంటే 140 కిలోవాట్లు తేలింది. మోటార్లు మొదలయ్యేటప్పుడు లాగేది అదనం. 250 కేవీఏ జనరేటరు అద్దెకు తెచ్చారు. కంప్రెసర్లన్నీ గోడ బయట పెట్టి గొట్టాలతో గాలి లోపలికిచ్చారు. లేకపోతే ఆ చప్పుడులో ధర చెప్పినా వినపడదు. పాలరాతి నేల పగలకుండా ప్లైవుడ్ షీట్లు పరిచి, వాటిమీద ట్రాలీలు నడిపారు. షాండ్లియరుకూ, పదకొండడుగుల ప్యాకింగ్ యంత్రానికీ మధ్య జానెడు ఖాళీ. యంత్రం దాటిపోయేదాకా మేనేజరు ఊపిరి తీసుకోలేదు.

టాయిలెట్ల దగ్గర నిలబడి చూడటం కూడా ఆయన మర్చిపోలేదు. పాత అనుభవం! 1851లో లండన్ మహా ప్రదర్శనలో జార్జి జెన్నింగ్స్ అనే ఆయన పెన్నీ తీసుకుని వాడుకోనిచ్చే టాయిలెట్లు పెడితే 8,27,280 మంది వాడుకున్నారట. యంత్రాలు చూసేవాళ్ల అవసరాలు నూటడెబ్భై ఏళ్లకు పైగా మారలేదన్నమాట. ప్రతి స్తంభం మీదా బాణం గుర్తు వేయించారు. ఆ ప్రశ్న ఇంకే స్టాలువాణ్నీ అడగకూడదు.

బుధవారం సాయంత్రానికి తెల్ల పలకలు నిలబడ్డాయి. పేర్ల బోర్డులు ఎక్కాయి. రాత్రి ఎనిమిదింటికి వాన మొదలైంది. గంటకల్లా, ఆయన ఏరికోరి గుమ్మంగా మార్చిన వెనక తలుపులోంచి నీళ్లు లోపలికొచ్చాయి. పార్కింగు వాలంతా అటే!

"అందుకే సార్, మేం వానాకాలంల ఆ తలుపు తియ్యం" అన్నాడు మేనేజరు. ముందెందుకు చెప్పలేదంటే, "మీరు అడగలే" అన్నాడు. నిజమే. టేపుతో అన్నీ కొలిచిన మనిషి నేల వాలు మాత్రం చూడలేదు.

అంగుళం నీళ్లు. నేలమీద వైర్లు. ముందు మెయిన్ ఆపించారు. టార్చిలైట్ల వెలుగులో వైర్లన్నీ పైకెత్తి కట్టారు. పక్కన కట్టుబడి జరుగుతున్నచోట బతిమాలి ఇసుక బస్తాలు తెచ్చారు. నూనె డబ్బాలు నింపే యంత్రం చేసే సభ్యుడొకరు, ప్రదర్శనకు తెచ్చిన పంపును విప్పి నీళ్లు తోడటానికి పెట్టారు. టీ తాగకుండా వెళ్లిపోయిన కోశాధికారి ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, రెండున్నర దాకా చీపురు పట్టుకునే ఉన్నారు. తెల్లారేసరికి తలుపు ముందు చెక్కలతో ఎత్తు దారి, దానిపైన రేకులు, పార్కింగులో రెండు లారీల మొరం పడ్డాయి. జనరేటరు ఆన్ చేసేముందు ఎలక్ట్రీషియన్ ప్రతి స్టాలుకూ వెళ్లి ఎర్తింగు మళ్లీ చూశాడు.

పదింటికి మొదటి బస్సు వచ్చింది. చెక్కల దారి మీద చెప్పులు దులుపుకుంటూ మొదట లోపలికొచ్చింది సిద్దిపేట నుంచి వచ్చిన అయిదుగురు మహిళలు. సకినాలు, మురుకులు చేసి అమ్మే సంఘం వాళ్లది. డైనింగ్ హాల్లో తొలి స్టాల్ దగ్గరే ఆగి, పొట్లం అతికించే యంత్రాన్ని గంటసేపు తిప్పి తిప్పి చూశారు. రాత్రి పంపు విప్పినాయన పక్క స్టాల్లోంచి వాళ్లకు మంచినీళ్లిచ్చారు.

శనివారం రాత్రి పన్నెండుకు ముందు హాలు ఖాళీ చేయాలి. పలకలు ఊడుతున్నాయి. వేదిక మీద టీ కెటిల్ ఒకటే మిగిలింది. 62వ స్టాల్లో కార్యదర్శి రబ్బరు బ్యాండు తీసి కార్డులు లెక్కపెట్టారు. నలభై ఏడు. మళ్లీ లెక్కపెట్టారు. ఈసారీ నలభై ఏడే.

హామీ చెక్కు తిరిగిస్తూ మేనేజరు డైరీ తెరిచాడు.

"వచ్చే ఆషాఢం గూడా రాసుకోమంటరా సార్?"

"రాసుకోండి" అన్నారాయన, చెక్కు నాలుగు ముక్కలు చేసి జేబులో వేసుకుంటూ. "దానికింద, వెనక తలుపు దగ్గర తూము వేయించాలని కూడా రాయండి."