వినుకొండ: రేవు లేని ఊరు, రేవు పేరు మోసిన పత్తి

నరసరావుపేట దాటి పడమటికి పోయేకొద్దీ నేల తీరు మారుతుంది. పచ్చని మాగాణి వెనకబడుతుంది. నల్లరేగడి చేలు, వాటి నడుమ అక్కడక్కడ ఎర్రనేల, రాతి దిబ్బలు, దూరాన నల్లమల అంచు కనబడతాయి. ఆ దారిలో ఊరి మీదికి ఒరిగినట్టు నిలబడ్డ కొండే వినుకొండ. కొండ మీద రామలింగేశ్వరుడు, కింద బస్టాండు, రైల్వే స్టేషను, ఎరువుల దుకాణాలు, దూది మిల్లులు, మిరపకాయల బస్తాలు దించే లారీలు. 2022 ఏప్రిల్ నుంచి ఇది పల్నాడు జిల్లా. అంతకుముందు గుంటూరు జిల్లా. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడక ముందు కృష్ణా జిల్లా. జిల్లాలు మారాయి గానీ ఊరి బతుకు మాత్రం ఎప్పుడూ మెట్టదే.

సముద్రం ఇక్కడికి డెబ్బై కిలోమీటర్ల పైనే. దగ్గరలో పారే గుండ్లకమ్మ ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకగానే ఉంటుంది. అలాంటి ఊరి పరిచయంలో ఓడరేవులకూ, తెరచాపలకూ, దొరల పడవ క్లబ్బుకూ చోటేమిటని అడగవచ్చు. కానీ వినుకొండ మెట్ట చరిత్రలో ప్రతి మలుపూ ఏదో ఒక రేవుకు ముడిపడి ఉంది. పంట పండింది ఇక్కడ. దానికి పేరు పెట్టిందీ, ధర కట్టిందీ రేవులో.

కొండ, కోట, తీరం

సీతాపహరణ వార్తను రాముడు ఈ కొండ మీద విన్నాడని స్థలపురాణం. చరిత్రకారులకు ఇది కొండవీడు, బెల్లంకొండ, నాగార్జునకొండల వరసలో ఒక గిరిదుర్గం. రెడ్డి రాజుల తర్వాత గజపతుల చేతికి పోయింది. 1515 నాటి దండయాత్రలో శ్రీకృష్ణదేవరాయలు కొండవీటితో పాటు దీన్నీ గెలుచుకున్నాడు. క్రీడాభిరామం కవి వల్లభరాయుడి ఇంటిపేరులోనూ ఈ ఊరే ఉంది.

ఈ కోటలకు విలువ తెచ్చినవాటిలో తీరానికి పోయే దారులూ ఉన్నాయి. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం సముద్ర వర్తకులకు ఇచ్చిన మాట: ఓడ పగిలి తీరానికి కొట్టుకొచ్చినా సరుకును రాజు లాక్కోడు, సుంకం మాత్రమే తీసుకుంటాడు. దాదాపు వందేళ్ల తర్వాత రెడ్డి రాజులు కూడా అదే రేవులో అలాంటి హామీనే ఇచ్చారు. లోనాడు పండించి నేసినదాన్ని కొనేవాడు ఓడెక్కి రావాలి, వచ్చినవాడు భయపడకూడదు. మెట్టకూ రేవుకూ ఉన్న ఈ లెక్క ఇంగ్లీషువాళ్లు కనిపెట్టింది కాదు. వాళ్లు మార్చింది లెక్క ఎవరి చేతిలో ఉంటుందన్నదే.

కాకినాడ చూడని కోకనాడాలు

గుంటూరు సీమలో తాతల నాటి పత్తి ఇప్పటిలా తెల్లగా ఉండేది కాదు. ఎరుపు కలిసిన ఖాకీ రంగు, పొట్టి పింజ. రైతులకు అది ఎర్రపత్తి. వేరు లోతుకు పోతుంది గనుక వాన తప్పినా చేను నిలబడేది. ముతక నూలుకు పనికొచ్చేది. వర్తకుల చిట్టాల్లో మాత్రం దాని పేరు కోకనాడాస్. కృష్ణా, గుంటూరు చేలలో పండిన పత్తి ప్రపంచ విపణిలో కాకినాడ రేవు పేరుతో చలామణి అయింది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోగానే లాంకషైర్ మిల్లులు మన దేశం వైపు చూశాయి. ధర ఎగబాకింది. యుద్ధం ముగిసింది, ధర పడిపోయింది. ఎక్కడో తెల్లవాళ్లు కొట్టుకుంటే ఇక్కడ రేగడి చేను విలువ పెరగడం, వాళ్లు రాజీపడితే తరగడం మెట్ట రైతుకు అప్పుడే తెలిసొచ్చింది.

ఇంకో సంగతి. ఆ రోజుల్లో విహార పడవల తెరచాపలు పత్తి గుడ్డతోనే కుట్టేవారు. అయితే దానికి ఈజిప్టు పొడుగు పింజ కావాలి. మన ఎర్రపత్తి ఆ పనికి రాదు. దొరల తెరచాపలో వినుకొండ పోగు లేదు. వినుకొండ పాలు మరోచోట ఉంది.

కరువు తవ్విన కాలువ

1876 నుంచి 78 దాకా మద్రాసు రాజధానిని పీల్చి పిప్పి చేసిన ధాతు కరువులో ఈ ప్రాంతమూ నలిగింది. ప్రభుత్వం కరువు పనులు పెట్టింది. వాటిలో ముఖ్యమైనది బకింగ్‌హామ్ కాలువ. కృష్ణానది కొమ్మమూరు కాలువను పెదగంజాం దగ్గర కలుపుకొని తీరం వెంట మద్రాసు దాకా పోయే నీటిదారి అది. ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆ కాలువలో మూడున్నర మైళ్ల ముక్కను తానే గుత్తకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు మట్టిపని ఇచ్చాడు. పనికి వచ్చినవారిలో ఎక్కువమంది మాదిగలు. ఒంగోలు మిషన్ పరిధి అప్పట్లో వినుకొండ, కంభం దాకా ఉండేది. కరువు తగ్గుముఖం పట్టాక, 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్టిజం పుచ్చుకున్నారు. 1880ల్లో ఆ మిషన్‌ను విడదీసినప్పుడు వినుకొండ విడి కేంద్రమైంది. ఊళ్లో బడులు, చర్చి, కొత్త తరం చదువు ఆ తర్వాతి కథ.

కాలువ కథ మాత్రం తెరచాపదే. గాలి అనుకూలిస్తే చాప ఎత్తేవారు. లేకపోతే గట్టు మీద నడుస్తూ భుజానికి తాడు వేసుకుని పడవను లాగేవారు. ఉప్పు, ధాన్యం, కట్టెలు అలా మద్రాసు చేరేవి. తవ్వింది కరువు కూలీలు, లాగింది పడవ కూలీలు. నీటి మీద తెరచాప అంటే గుంటూరు సీమలో పొట్టకూటి పని. అదే తెరచాప సరదా కావాలంటే కూలితో నడవని పడవ కావాలి, తీరిక ఉన్న మనిషి కావాలి. అన్నిటికన్నా ముందు కదలని నీళ్లు కావాలి.

మద్రాసులో కదలని నీళ్లు

ఆ కదలని నీళ్లే మద్రాసుకు లేవు. ఊరు సముద్రం ఒడ్డున ఉన్నా దానికి సహజమైన రేవు లేదు. ఓడలు దూరాన లంగరు వేస్తే, మేకు లేకుండా కొబ్బరి తాడుతో పలకలు కుట్టిన మసూలా పడవలు అలల మీద ఎగిరెగిరి పడుతూ మనుషుల్నీ మూటల్నీ ఒడ్డుకు చేర్చేవి. బొంబాయిలో 1846లోనే పడవ క్లబ్బు పుట్టి, 1876లో రాయల్ బాంబే యాట్ క్లబ్ అయింది. మద్రాసు దొరలు 1867లో బోట్ క్లబ్ పెట్టుకున్నారు గానీ అది అడయారు నదిలో తెడ్లు వేసే క్లబ్బు. సముద్రం మీద సరదా వాళ్లకు ఇంకా అందలేదు.

రేవు కట్టాలని 1875లో పునాదిరాయి వేశారు. రెండు చేతులు చాచినట్టు సముద్రంలోకి గోడలు కట్టారు. 1881 నవంబరు తుపాను వాటిని పడగొట్టింది. మళ్లీ కట్టారు. కానీ తూర్పుకు తెరిచిన ముఖద్వారం నుంచి అలలు సరాసరి లోపలికి వచ్చేవి. దక్షిణం నుంచి కొట్టుకొచ్చే ఇసుక పేరుకుపోయేది. 1904లో పోర్ట్ ట్రస్టు అధ్యక్షుడిగా ఫ్రాన్సిస్ స్ప్రింగ్ వచ్చాడు. ఐర్లండులో పుట్టిన ఈ ఇంజనీరు మనకు కొత్తవాడు కాదు. తెలుగు తీరం వెంట సాగిన ఈస్ట్ కోస్ట్ రైల్వే నిర్మాణంలో ప్రధాన ఇంజనీరుగా పనిచేశాడు. నదీ ప్రవాహాలను రాతి గట్లతో దారికి తెచ్చే పద్ధతి మీద 1903లో పుస్తకం రాశాడు. గోదావరి వంటి నదుల దగ్గర నీటి స్వభావం చూసినవాడు రేవు తప్పు పట్టుకోవడంలో వింత లేదు. తూర్పు ద్వారం మూయించి, ఈశాన్యాన కొత్త దారి తెరిపించి, దానికి అడ్డుగా మరో గోడ కట్టించాడు. 1911 నాటికి ఆ పని పూర్తయి లోపలి నీళ్లు కుదుటపడ్డాయి.

అదే ఏడాది, ఆ నీళ్ల మీదే, స్ప్రింగ్ చొరవతో ఇప్పటి రాయల్ మద్రాస్ యాట్ క్లబ్‌కు పునాది పడింది. సరుకు ఓడల కోసం ప్రజల డబ్బుతో కట్టిన రేవులో ఒక మూల తెల్ల తెరచాపలు లేచాయి. క్లబ్బు ఉన్న చోటు ఈనాటికీ ఆయన పేరుతో స్ప్రింగ్‌హేవెన్‌గానే ఉంది. పేరు బాగా తెలిసిన మరో వ్యక్తి కూడా ఆ కాలంలో అక్కడే ఉన్నాడు. 1912 మార్చిలో నెలకు 30 రూపాయల జీతం మీద శ్రీనివాస రామానుజన్ పోర్ట్ ట్రస్టు లెక్కల విభాగంలో గుమాస్తాగా చేరాడు. అతని గణితాన్ని పైవాళ్ల దృష్టికి తెచ్చినవారిలో అధ్యక్షుడు స్ప్రింగ్ కూడా ఉన్నాడు. ఒకే మనిషి గుమాస్తా ప్రతిభను గుర్తించగలిగాడు, దొరల క్లబ్బూ పెట్టగలిగాడు. వలస పాలనలో ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు రాలేదు.

ఆ నాటి యాట్ క్లబ్బులు యూరోపియన్ల కోసం పెట్టుకున్నవి. కమొడోర్ అనే నౌకాదళపు హోదా, క్లబ్బుకొక జెండా, ఆదివారాల పందేలు, ఆపైన మేడ మీద విందు. ఐర్లండులోని కార్క్ రేవులో 1720లో మొదలైందని చెప్పే సంప్రదాయం ఇది. బొంబాయి యాట్ క్లబ్‌లో ఎంత సంపన్నుడైనా భారతీయుడికి ప్రవేశం ఉండేది కాదు. తరతరాలుగా తెప్పల మీద అలలను దాటుతున్న బెస్తలకు గాలి గురించి చెప్పాల్సినవారెవరూ లేరు. సముద్రం మీద పందెం వేసుకునే హక్కు మాత్రం వాళ్లది కాలేదు.

రైలు కలిపిన ఊరు

వినుకొండకు సముద్రాన్ని దగ్గర చేసింది రైలు. ధాతు కరువు తర్వాత, గింజలు చేర్చలేక జనం చావకూడదని తలపెట్టిన కరువు రక్షణ దారుల్లో బళ్లారి–కృష్ణా మీటరుగేజి ఒకటి. సదరన్ మరాఠా రైల్వే చేతుల మీదుగా గుంతకల్లు నుంచి నంద్యాల, నల్లమల, కంభం, వినుకొండ, గుంటూరు మీదుగా బెజవాడకు అది చేరింది. పడమటి కొస గోవాలోని మార్మగోవా రేవుతో కలిసింది. కరువులో గింజలు లోపలికి తేవడానికి వేసిన పట్టాలు మంచి ఏడాదుల్లో పత్తి బేళ్లను బయటికి మోశాయి. 1908లో ఆ కంపెనీ మద్రాస్ రైల్వేతో కలిసి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా (ఎం.ఎస్.ఎం.) రైల్వే అయింది. 1990ల్లో దారి బ్రాడ్‌గేజి అయింది. నేటికీ వాస్కోకు పోయే అమరావతి ఎక్స్‌ప్రెస్‌ది ఈ దారే: తూర్పు తీరం నుంచి పడమటి రేవుకు, మెట్ట నడుమ నుంచి.

ఆ రైలు కాలంలోనే, 1895 సెప్టెంబరు 28న, ఈ ప్రాంతంలో గుర్రం జాషువా పుట్టాడు. మిషన్ తెచ్చిన చదువు, ఊరు పెట్టిన అవమానం రెండూ తెలిసిన కవి. 1941లో వచ్చిన గబ్బిలంలో గుడి గడప తొక్కే హక్కు లేని మనిషి తన గోడును గబ్బిలంతో కాశీకి పంపుతాడు. గుడి గడప దగ్గర మన కులం, క్లబ్బు గడప దగ్గర దొరల జాతి మనిషిని ఆపాయి. దొరల గడప 1947 తర్వాత తప్పనిసరిగా తెరుచుకుంది. మన గడప గురించి జాషువాను ఇంకా చదవాల్సే వస్తోంది.

నీళ్లు వచ్చాక

1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక వినుకొండ పొలాలకు కుడికాలువ అందింది. వరి వచ్చింది, మిరప పెరిగింది. ఎర్రపత్తి పోయి తెల్ల పొడుగు పింజ సంకరాలు వచ్చాయి. వాటితో పురుగుమందుల అప్పు వచ్చింది. 1980ల్లో తెల్లదోమ గుంటూరు, ప్రకాశం పత్తి చేలను ఊడ్చేసినప్పుడు రైతుల ఆత్మహత్యలు దేశానికి తెలిశాయి. వాన తప్పినా నిలిచిన పాత పత్తికి ధర లేదు. ధర ఉన్న పత్తికి నిలకడ లేదు. నేడు మిరప కల్లాల్లో ఎండి, టిక్కీలనే బస్తాల్లోకి ఎక్కి, గుంటూరు యార్డుకో కోల్డ్ స్టోరేజీకో పోతుంది. విదేశాలకు పోయే సరుకైతే మళ్లీ చెన్నైలాంటి రేవులే దిక్కు.

తెరచాప కూడా చేతులు మారింది. హుస్సేన్‌సాగర్ మీద సైన్యపు ఇ.ఎం.ఇ. విభాగపు సంఘం దశాబ్దాలుగా పడవ పందేలు నడుపుతోంది. హైదరాబాద్ యాట్ క్లబ్ ప్రభుత్వ బడుల పిల్లలకు నావ నడపడం నేర్పుతోంది. సముద్రం లేని తెలంగాణ పిల్లలు జాతీయ పతకాలు తెస్తున్నారు. దొరల ఆట దొరలతోనే పోవాలనే నియమమేమీ లేదని వాళ్లు రుజువు చేశారు.

క్లబ్బులు తమ చరిత్ర రాసుకున్నప్పుడు మొదటి కమొడోర్ పేరు, మొదటి పడవ పేరు, గెలిచిన కప్పులు రాసుకుంటాయి. అందులో తప్పు లేదు. కానీ ఆ రేవు ఎవరి సరుకు కోసం కట్టారో, ఆ సరుకు ఏ చేలలో పండిందో కూడా రాస్తేనే లెక్క సరిపోతుంది. అప్పుడు మద్రాసు రేవు చరిత్రలో వినుకొండలాంటి మెట్ట ఊళ్లకు ఒక అధ్యాయం దక్కుతుంది. వినుకొండ చూడటానికి వచ్చినవారు కొండెక్కి గుడి చూసి దిగిపోతారు. దిగాక స్టేషను పక్కన దూది మిల్లుల వైపు కూడా ఒకసారి పోవాలి. ఈ ఊరు దేనికోసం కష్టపడిందో, ఆ కష్టం ఎక్కడ ఎవరికి కలిసొచ్చిందో అక్కడ బాగా అర్థమవుతుంది.