రంది అని చెప్పుకోగలిగితే

నిజామాబాద్, డిచ్‌పల్లి, బోధన్ చుట్టుపక్కల పల్లెల్లో మనసు కష్టాన్ని చెప్పుకోవడానికి మాటలకు కొదవ లేదు. లోపల్లోపల తొలిచే దిగులు రంది. గుండె ఊరికే దడదడలాడితే బుగులు. బతుకు మీదే విసుగు పుడితే యాష్టకొచ్చింది అంటారు, ఒంటి మీద ధ్యాస తప్పితే సోయి లేదంటారు. ఈ మాటల్లో నింద లేదు. "ఎందుకట్ల రంది వెట్టుకుంటవ్ బిడ్డా" అని అడిగేవాళ్లు పక్కన కూర్చోవడానికే అడుగుతారు. కానీ ఈ మాటలు కొంతదూరమే వస్తాయి. అదే మనిషి వారాల తరబడి నిద్రపోకుండా, ఎవరికీ వినబడని గొంతులతో మాట్లాడడం మొదలుపెడితే, ఊరి దగ్గర మిగిలేది ఒక్కటే మాట: పిచ్చి. రందికీ పిచ్చికీ మధ్య మెట్లు లేవు. పిచ్చి అన్నది తిట్టు కాబట్టి చెడ్డదని చాలామంది వాదిస్తారు. నాకు అంతకన్నా పెద్దదిగా కనిపించే నష్టం ఈ ఖాళీయే. రంది ఉన్నవాళ్లు ఇది డాక్టరు దాకా పోయేది కాదనుకుంటారు, పిచ్చి అనిపించుకున్నవాళ్లను ఇక డాక్టరు కూడా ఏం చేయలేడని వదిలేస్తారు. జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, దేశంలోని వయోజనుల్లో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక వ్యాధితో ఉన్నారని తేల్చింది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని కూడా చెప్పింది. అందుకు డాక్టర్ల కొరతతో పాటు అవగాహన లేమినీ, నలుగురిలో చిన్నతనమనే భయాన్నీ కారణాలుగా చూపింది.

మాట రోగాన్ని ఎలా కప్పేస్తుందో నిజామాబాద్ జిల్లా 2015 సెప్టెంబరులో కళ్లారా చూసింది. కల్తీ కల్లు మీద ప్రభుత్వం దాడులు పెంచడంతో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆ కల్లు దొరకడం తగ్గిపోయింది. క్లోరల్ హైడ్రేట్, డైజీపాం, అల్ప్రాజోలం కలిపిన కల్లుకు ఒళ్లు అలవాటుపడ్డవాళ్లు ఒక్కసారిగా వణికిపోయారు, ఫిట్స్ వచ్చి పడిపోయారు, లేనిది కనిపిస్తున్నట్టు కేకలు పెట్టారు. ఆసుపత్రులు నిండాయి, కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. జనం నోట నలిగిన మాట మాత్రం పిచ్చి చేష్టలు. నిజానికి అది మత్తుమందు హఠాత్తుగా ఆగినప్పుడు మెదడు పడే యాతన. ఆసుపత్రిలో పెట్టి, మందు మోతాదును కొంచెం కొంచెంగా తగ్గిస్తూ పోతే కుదుటపడేది. కల్లు తాగి పిచ్చిలేసింది అన్నప్పుడు తప్పంతా తాగినవాడి మీద పడింది. కుండలో పొడి కలిపిన చెయ్యి ఆ వాక్యంలో ఎక్కడా లేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో కల్లు, మద్యం దుకాణాలు మూతపడ్డప్పుడు హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ముందు అలాంటి రోగుల వరసలే మళ్లీ కనిపించాయి. "నిన్ను ఎర్రగడ్డకు పంపాలి" అని సినిమాల్లో, స్నేహాల్లో నవ్వుకునే మాట ఆ వరసలో నిలబడ్డ కుటుంబానికి ఎలా వినబడుతుందో ఒక్కసారి ఆలోచించాలి. వైద్యం దొరికే చోటునే ఎగతాళి చేసి పెట్టుకున్నాక, అక్కడికి వెళ్లమని ఎవరికి చెప్పగలం?

ఇంకో మాట ఇంతకన్నా ప్రమాదకరమైనది. గాలి సోకింది, దయ్యం పట్టింది అంటే ఆ కుటుంబం దర్గాకో గుడికో పోతుంది, నెలలు గడుస్తాయి. బాణామతి, అంటే చేతబడి, చేశారు అంటే మాత్రం చేసినవాళ్లెవరో కావాలి. మెదక్, నిజామాబాద్ పల్లెల్లో గత దశాబ్దాల్లో ఆ అనుమానంతో పొరుగువాళ్లను కట్టేసి కొట్టారు, మంత్రాలు పలకకూడదని పళ్లు రాలగొట్టారు, చంపారు. పిచ్చి అన్నప్పుడు నేరం రోగిది, బాణామతి అన్నప్పుడు నేరం పక్కింటివాళ్లది. రెండు చోట్లా జబ్బు మాత్రం అలాగే ఉంటుంది.

అయితే సినిమా పిచ్చి, క్రికెట్ పిచ్చి, పిచ్చి ప్రేమ అనడం కూడా మానేయాలా అని అడగవచ్చు. అక్కర్లేదనే నా అభిప్రాయం. ఇష్టం హద్దు దాటిందని చెప్పే ఆ వాడుకల వల్ల ఏ రోగీ వైద్యానికి దూరం కాడు. అదే మాటను ఒక మనిషికి పేరుగా తగిలించినప్పుడు, అతని పని, పెళ్లి, ఇంట్లో అతని మాటకున్న విలువ పోతాయి. పత్రికల్లో "మతిస్థిమితం లేని వ్యక్తి దాడి" అన్న శీర్షిక కూడా ఇలాంటిదే. దాడి చేసినవాడికి చక్కెర వ్యాధి ఉంటే దాన్ని శీర్షికలో పెట్టం కదా. అట్లాగే ఆత్మహత్యకు "పాల్పడ్డాడు" అంటాం, నేరానికి పాల్పడ్డాడు అన్నట్టే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆత్మహత్యాయత్నం చేసిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలని చెప్పింది. ఆత్మహత్యాయత్నాన్ని శిక్షించే పాత శిక్షాస్మృతిలోని 309 సెక్షన్ 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. చట్టం మారినా మన క్రియాపదం ఇంకా పోలీస్ స్టేషన్‌లోనే ఉంది.

మాటలు మార్చితే జబ్బు తగ్గుతుందా, మందు కదా కావాల్సింది అనే అభ్యంతరం అన్నిటికన్నా బలమైనది. దానికి డిచ్‌పల్లిలోనే జవాబు ఉంది. 1915లో ఇసబెల్ కెర్, జార్జ్ కెర్ దంపతులు ఇక్కడ కుష్ఠు ఆసుపత్రి ప్రారంభించారు, రాజా నర్సాగౌడ్ విరాళమిచ్చారు. పెద్దరోగం, మహారోగం అని పిలిచిన ఆ జబ్బు వచ్చినవాళ్లను ఊళ్లు వెలివేసిన రోజులవి. జబ్బును తగ్గించింది మాటలు కాదు, 1940ల తర్వాత డాప్సోన్, 1980ల నుంచి బహుళ ఔషధ చికిత్స. అది ఒప్పుకోవాల్సిందే. కానీ మందు ఉంటే చాలదు, మచ్చను దాచకుండా మనిషి ముందుకు రావాలి. అందుకే ఇంటింటికీ తిరిగిన ఆరోగ్య కార్యకర్తలు "మీ ఇంట్లో కుష్ఠు ఉందా" అని అడగలేదు. "ఒంటి మీద స్పర్శ లేని మచ్చ ఉందా" అని అడిగారు. రోగం పేరు వెనక్కి పోయింది, ఎవరైనా చూసి చెప్పగల గుర్తు ముందుకొచ్చింది. ఆ ప్రశ్నకు ఔనని చెప్పడానికి ఎవరూ సిగ్గుపడనక్కర్లేదు. చివరికి చట్టం కూడా మారింది: 2019లో పార్లమెంటు విడాకుల కారణాల్లోంచి కుష్ఠును తీసేసింది. హిందూ వివాహ చట్టంలో మానసిక వ్యాధి మాత్రం విడాకుల కారణంగా, షరతులతో, ఇంకా ఉండనే ఉంది. పెళ్లికి ముందు కుటుంబాలు దాన్ని ఎందుకు దాస్తాయో అర్థం కావడానికి ఇంతకన్నా ఏం కావాలి?

మనసు జబ్బుల్లోనూ పేరును కాక గుర్తును అడగాలి, ఆ అడగడం రంది లాంటి ఊరి మాటతో మొదలుపెట్టవచ్చు. అలా రంది అనే మాటతో పెద్ద జబ్బును చిన్నది చేస్తామేమో అన్న భయంలో నిజం ఉంది. స్కిజోఫ్రేనియాను రంది అంటే మోసమే అవుతుంది. దానికి దాని గుర్తుతోనే ప్రశ్న కావాలి: ఎవరూ లేనప్పుడు మాటలు వినబడుతున్నాయా? అందరూ నీ మీద కుట్ర చేస్తున్నారనిపిస్తోందా? దిగులుకు దాని ప్రశ్నలు వేరు: రంది ఎప్పటినుంచి ఉంది, రెండు వారాలు దాటిందా, అన్నం సయిస్తుందా, తెల్లవారుజామున మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పడతలేదా, బతుకు వద్దనిపిస్తోందా? బీపీ చూడడానికి గడప తొక్కే ఆశ కార్యకర్త ఈ నాలుగైదు ప్రశ్నలూ అడగగలదు. బీడీలు చుట్టే అక్క తలనొప్పి అని పీహెచ్‌సీకి వచ్చినప్పుడు అక్కడి డాక్టరు అడగగలడు. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్‌కు 14416 మీద ఫోను చేస్తే తెలుగులో మాట్లాడవచ్చు. అక్కడ ఫోనెత్తే కౌన్సిలర్ల శిక్షణలో డిప్రెషన్, యాంగ్జైటీ అన్న పాఠాల పక్కనే రంది, బుగులు, యాష్ట కూడా ఉండాలి, ఏ జిల్లా నుంచి ఎవరు ఏ మాటతో మొదలుపెడతారో వాళ్లకు ముందే తెలియాలి.