ఎడారి ఎవరికి మందు?

పత్తి సీజనులో ఆదోని మార్కెట్ యార్డు కిటకిటలాడే నెలల్లో, గుండెదడ అంటూ నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి గుండె నిక్షేపంగా ఉంటుంది. పొద్దున ఒక ధర, మధ్యాహ్నానికి ఇంకో ధర. జిన్నింగు మిల్లు మీద బ్యాంకు అప్పు, ఇంట్లో కూతురి పెళ్లి. రాత్రి రెండు గంటలకు చెమటలు పట్టి లేచి కూర్చుంటారు. వేళ్ల కొసలు తిమ్మిరెక్కుతాయి, పెదాల చుట్టూ చీమలు పాకినట్టుంటుంది. "దమ్ము తీసుకోనీకి అయితలేదు సార్, ఇంక నా పని అయిపోయినట్టే" అంటారు. ఈసీజీ తీస్తే మామూలుగానే ఉంటుంది. భయంతో గబగబా ఊపిరి తీయడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి ఆ తిమ్మిరి వస్తుందని చెబితే సగం మంది నమ్మరు. నమ్మనివాళ్లు బళ్లారికో హైదరాబాదుకో పోయి, ఇదే మాట ఎక్కువ ఫీజు కట్టి వినొస్తారు.

అలాంటివాళ్లలో ఒక పత్తి వ్యాపారి ఉన్నారు. (ఇక్కడ చెప్పే వాళ్లెవరినీ గుర్తుపట్టకుండా వివరాలు కొంత మార్చాను.) తాతల కాలంలో రాజస్థాన్ నుంచి వచ్చి ఆదోనిలో స్థిరపడిన మార్వాడీ కుటుంబం. మాట్లాడితే అచ్చం మా ఊరి యాస. మందులు వాడుతూనే మొక్కు తీర్చుకోవడానికి పోఖరన్ దగ్గర రామ్‌దేవ్‌రాకు వెళ్లారు. అక్కడి నుంచి జైసల్మేరు మీదుగా సమ్ ఇసుకతిన్నెల దాకా పోయి ఒక రాత్రి ఉండొచ్చారు. "ఫోన్లో సిగ్నల్ లేదు డాక్టర్ గారూ. ఇసుక మీద పండుకుంటే పక్కన ఒంటె నెమరేసే చప్పుడు తప్ప ఇంకోటి లేదు. నా క్వింటాలు రేటు ఆ ఇసుకలో ఎవరిక్కావాల?" అన్నారు. ఆ రాత్రి మాత్ర వేసుకోవడం మరిచిపోయి నిద్రపోయారట.

ఇందులో మహిమేమీ లేదు. చుట్టూ హడావిడి లేనప్పుడు ఊపిరి దానంతటదే నెమ్మదిస్తుంది. దూరాన్ని చూసేటప్పుడు కంటిలోని కండరం బిగువు సడలుతుంది. తెల్లవారి వెలుతురు సూటిగా కంట్లో పడితే ఒంట్లోని నిద్ర గడియారం సర్దుకుంటుంది. 2015లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు కొందరిని 90 నిమిషాలు ఆరుబయట, మరికొందరిని రద్దీ రోడ్డు పక్కన నడిపించారు. ఆరుబయట నడిచినవాళ్లలో, జరిగినదాన్నే తలుచుకుని కుమిలిపోయే గుణం కొంచెం తగ్గింది. ఆ బయలు దట్టమైన అడవి కాదు. గడ్డినేల, అక్కడక్కడా చెట్లు. అది చదివినప్పుడు నాకు ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారి గుర్తొచ్చింది.

సుమారు 30 కిలోమీటర్ల దారి అది. కోట ఉన్న గుండురాళ్ల కొండ వెనకబడితే ఇక కంటికి అడ్డం తక్కువ. వైశాఖంలో పత్తికట్టె పీకేసిన రేగడి, పాదం దిగేంత బీటలు, పైన తెల్లటి ఆకాశం. తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు అందిన చోట పచ్చదనం, అందని చోట నలుపు. తీరప్రాంతం నుంచి బదిలీ మీద వచ్చిన ఉద్యోగులు దీన్ని చూసి "ఎడారి" అని నిట్టూరుస్తారు. అనుకోనివ్వండి. జైసల్మేరులో ఏడాదంతా కలిపినా 200 మిల్లీమీటర్ల వాన కనాకష్టం, మనం దానికంటే చాలా నయం.

ఎమ్మిగనూరులో ఒక నేత కార్మికుడు, అరవై దాటిన పెద్దాయన, తలనొప్పి, నిద్రలేమితో వచ్చేవాడు. మాచాని సోమప్ప గారు 1938లో పెట్టిన చేనేత సహకార సంఘం పేరు చెప్పుకునే ఊరు అది. ఆ మంచి రోజుల గురించి వాళ్ల నాయన చెప్పిన మాటలు ఈయన నాకు చెప్పేవాడు. మగ్గం గుంతలో కాళ్లు, మూరెడు దూరంలో పోగు, గదిలో ఒక్క బల్బు. రోజంతా చూపు ఆ మూరెడు దాటదు. కళ్లజోడు మార్పించి, పొద్దున్నే ఊరవతలికి నడిచి, కనుచూపు మేర చూసి రమ్మన్నాను. "ఏం చూడాల సార్ ఆడ, ఏమీ లేదు గదా?" అన్నాడు. ఏమీ లేనిదాన్నే చూడమన్నాను. తలనొప్పి తగ్గింది. అందులో కళ్లజోడు వాటా ఎంతో, నడక వాటా ఎంతో నేను తేల్చలేను.

ఇంతవరకే అయితే ఈ వ్యాసం రాయక్కర్లేదు.

కోసిగి వైపు పల్లె నుంచి ఒక తల్లి కొడుకును తీసుకొచ్చింది. కువైట్‌లో మేకలు మేపి వచ్చాడు. "చేనుకాడికి పొమ్మంటే పోడు సార్. సందులో గోడకానుకుని కూసుంటాడు. బయలు చూస్తే వణుకుతాడు" అంది. వాడు తల ఎత్తలేదు. అక్కడ ఎట్లా ఉండేది నాయనా అని అడిగితే చాలాసేపటికి నోరు విప్పాడు. ఎడారిలో ఒక రేకుల కొట్టం, మంద, నీళ్ల ట్యాంకరు వచ్చినప్పుడే ఇంకో మనిషి ముఖం. "మేకలకు మా ఊరోళ్ల పేర్లు పెట్టినా సార్. పిలిస్తే పలికేటివి అవే."

నాలుగో శతాబ్దంలో ఈజిప్టు ఎడారిలో తపస్సు చేసుకున్న ఎవాగ్రియస్ అనే క్రైస్తవ సన్యాసి, ప్రశాంతత కోసం అక్కడికి వెళ్లినవాళ్లను పట్టే మిట్టమధ్యాహ్నపు దెయ్యం గురించి రాశాడు. సూర్యుడు కదలడు, పగటికి 50 గంటలున్నట్టు తోస్తుంది, ఎవరైనా వస్తారేమోనని కళ్లు గుమ్మం వైపే పోతుంటాయి. ఇష్టపడి వెళ్లిన సన్యాసుల గతే అది. అప్పు తీర్చడానికి వెళ్లిన పిల్లవాడి సంగతి చెప్పేదేముంది?

వాడికి కుంగుబాటు మందులు మొదలుపెట్టాను. బయలు వైపు వెళ్లమని మాత్రం చెప్పలేదు. బస్టాండు దగ్గర మేనమామ టీ హోటల్లో కూర్చోమన్నాను. సంక్రాంతి దాటాక ఇంటిల్లిపాదితో సుగ్గికి పోయి గుంటూరు వైపు మిరపకాయలు కోశాడు. పది మంది ఇరుక్కుని పడుకునే గుడిసెలో, గురకల మధ్య వాడికి నిద్ర పట్టిందని తల్లి వచ్చి చెప్పింది. సుగ్గిని నేను పొగడను. పిల్లల చదువులు పాడుచేసే వలస అది. కానీ ఆ పిల్లవాడికి కావలసింది మనుషుల చప్పుడు, అది అక్కడ దొరికింది.

అసలు ఎడారి మనకూ దగ్గర్లోనే ఉంది. అనంతపురం జిల్లా కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో వేదవతి నది ఎండిన పడకలోంచి ఆషాఢం గాలికి ఇసుక లేచి పొలాల మీద తిన్నెలు కడుతుంది. మా వైపు ఆ నదిని హగరి అంటారు. ఒక సాయంత్రం ఆ తిన్నె ఎక్కి నిలబడితే నాకూ మనసు తేలికైంది. కింద గట్టు మీద కూర్చున్న రైతు "బాగుంది గదా సార్? దాని కింద మా చేను ఉండాది" అన్నాడు. ఎగతాళి చేయలేదు, ఉన్న మాట చెప్పాడు.

అందుకే "ఎక్కడికైనా దూరంగా పోయి రమ్మంటారా?" అని అడిగే రోగిని ముందు నేనే అడుగుతాను: ఎవరితో పోతావు, ఎన్నాళ్లకు వస్తావు, వచ్చేసరికి ఇంట్లో ఎవరుంటారు? ఈ మూడింటికీ జవాబున్నవాడికి బయలు మంచి చేస్తుంది. లేనివాడికి ముందు తోడు కావాలి.

మీకు ఛాతీ బరువుగా ఉండి, నొప్పి చేతికో దవడకో పాకి, చెమటలు పడుతుంటే ఏ బయలుకూ పోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోండి. గుండె బాగుందని తేలాక కూడా నిద్ర రాకపోయినా, బతుకు మీద విరక్తి కలిగినా టెలి మానస్ 14416 నంబరుకు ఫోన్ చేయండి. ఏ వేళలోనైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అడగరు.