టైడా దారిలో వెనుక చక్రము

విశాఖపట్టణమునుండి అరకులోయకు సుమారు 115 కిలోమీటర్లు. అందు శృంగవరపుకోట వరకు గల చదును దారిలో ప్రయాణికునకు తన వాహనపు గుణదోషములు అంతగా తెలియవు; బొడ్డవర దాటి కనుమ మొదలైన పిదపనే అవి యొక్కొక్కటిగా బయటపడజొచ్చును. వలిసెపూలు పూచినవని విని, వానకాలమంతయు వసారాలో గోనెపట్టా క్రింద నిద్రించిన నా పాత 350 సీసీ మోటారు సైకిలును బయటికి తీసి, ముందునాటి సాయంత్రము స్వహస్తములతో గొలుసు బిగించి, ఇంతకంటె సంసిద్ధత యేమి కావలెనను ధీమాతో కార్తికమాసమున నొక ఉదయము బయలుదేరితిని.

పెందుర్తి దాటునప్పటికే బండి నడకలో నొక బద్ధకము కనబడెను. యాక్సిలేటరు వదలిన వెంటనే, ఇంకను కొంతదూరము పరుగెత్తవలసిన బండి, ఎవరో వెనుకనుండి పంచె చెంగు పట్టి లాగినట్లు నిలిచిపోవుచుండెను. ఎదురుగాలి యనుకొంటిని, వెనుక కట్టిన సంచుల బరువనుకొంటిని, కనుమ ఎక్కుచు రెండవ గేరులో అది మూలుగుచుండగా ఇంజనుకు వార్ధక్యము సంప్రాప్తించినదని నిశ్చయించుకొని, దానిని ఎవరికి అమ్ముదునా యని గూడ ఆలోచించితిని. నా పాదము క్రిందనున్న పెడలు మాత్రము నా అనుమానమునకు రాలేదు.

టైడా సమీపమున మాడు వాసన సోకి, ఒక టీకొట్టు ముందు ఆగితిని. ఆ సమయముననే బైలదిల్లా ఇనుపఖనిజము నింపుకొన్న గూడ్సుబండి, చక్రములు కీచుమనుచుండ, బ్రేకులు పట్టుకొని విశాఖవైపు దిగుచుండెను. అంతటి బరువు అట్టి వాలున దిగుటకు బ్రేకు పట్టవలసినదే. నేనో, బ్రేకు పట్టుకొని కొండ ఎక్కివచ్చితినని అప్పటికి నాకు తెలియదు.

తెలియజేసినవాడు, జీపు నిలిపి జనముకొరకు వేచియున్న యొక డ్రైవరు. “మాస్టారూ, ఆ కంపు ఇంజనుది కాదు. ఎనక సక్రం కాడ సూడండి” అనెను. దోసెడు నీళ్లు హబ్బుపై చల్లగానే సుయ్యిమని ఆవిరి లేచెను.

“గొలుసు ఎప్పుడు బిగించినారు?”

“నిన్న సాయంత్రమే, బాబూ.”

“మరి బ్రేకు రాడ్డు నట్టు వదులు సేసినారా?”

నేను టీగ్లాసులోనికి చూచితిని.

గొలుసు బిగించుట యనగా చక్రమును వెనుకకు జరుపుటయే గదా. చక్రముతోపాటు హబ్బుమీది బ్రేకు మీటయు వెనుకకు పోవును. పెడలునుండి దానికి పోవు రాడ్డు పొడవు మారదు గనుక, అది మీటను ముందుకు లాగిపట్టి, ఎవ్వరును తొక్కకుండగనే బ్రేకు వేసియుంచును. హబ్బు చల్లారిన పిదప బండిని సెంటర్ స్టాండుపై నిలిపి, రాడ్డు నట్టును నాలుగు చుట్లు వదులుచేయగా, అంతవరకు కదలని చక్రము కదలినది. కాని, తిరుగలి తిరిగినట్లు బరువుగా తిరిగెను. అప్పుడాతడు పెడలును చేతితో నొక్కి విడిచెను. పెడలు లేచివచ్చినది, మీట మాత్రము పోయినచోటనే యుండిపోయినది. దానిని వ్రేలితో వెనుకకు నెట్టగా చక్రము తేలికయయ్యెను. “సగం జబ్బే పోనాది మాస్టారూ. మిగతాది లోపలుంది. క్యాము పట్టేసింది” అని తీర్పు చెప్పి, జనము ఇంకను రాలేదు గదా యని పానాల పెట్టె తెచ్చెను.

గొలుసు లంకె విప్పి, ఇరుసు లాగి, చక్రము నూడదీసి, డ్రమ్ము మూత యెత్తగా, నల్లని పొడి కుప్పగా కనబడెను. నేను ఊదబోవగా, “ఊదకండి, ముక్కులోకెల్తాది” అని తడిగుడ్డతో తుడిచెను. రెండు షూలను స్ప్రింగులతోసహా తీసి, వాటిని విడదీయు క్యామును కదల్చ జూచితిమి, అది కదలదు. వసారాలోనికి కొట్టిన వానజల్లు మీట సందునుండి లోనికి దిగి, గ్రీజు ఎండిన కమ్మీని ఎర్రని త్రుప్పుతో బంధించినది. పట్టకారుతో అటునిటు త్రిప్పి, బండిలోని పెట్రోలే చుక్కలుగా పోసి, ఎట్టకేలకు దానిని వెలికి లాగి, ఎమరీ కాగితముతో వెండివలె మెరయునంతవరకు తోమితిమి. అద్దమువలె నునుపెక్కిన షూలనుగూడ ఆ కాగితముతోనే గరుకుచేసెను. క్యాముకు గ్రీజు పూయుటలో నతడు చూపిన లోభమును నేను మరువలేను: చిటికెడు తీసి, కమ్మీకి రాచి, మిగిలినది తన గుడ్డకే తుడుచుకొనెను, ఆ జిడ్డు షూలకు తగిలినచో పిదప బ్రేకే పట్టదట.

చక్రము తిరిగి ఎక్కించునప్పుడు, పెడలు నన్ను గట్టిగా తొక్కిపట్టుమని, అట్లుండగానే ఇరుసు నట్టు బిగించెను. షూలు డ్రమ్ము నడుమ సరిగా కుదురుకొనుటకు ఇదియే యుపాయము. కడపట, పెడలు ఒక అంగుళము ఆడిన పిదప బ్రేకు అందుకొనునట్లు రాడ్డు సవరించి, చక్రమును చేతితో విసరెను. అది సన్నని చప్పుడుతో చాలసేపు తిరిగినది. డబ్బు ఇవ్వబోవగా టీ చాలుననెను.

ఆపై అనంతగిరి కాఫీతోటలును, సిల్వర్ ఓకులకు ప్రాకిన మిరియపు తీగెలును, గాలికొండ మంచును కన్నులపండువుగా నుండెనని వ్రాయవలెను గాని, నిజమునకు నేను ప్రతి రెండు మలుపులకు ఆగి హబ్బును ముట్టి చూచుకొంటిని. మధ్యాహ్నము మూడుగంటలకు అరకులో పచ్చగా పూచిన వలిసెచేని గట్టున బండి నిలిపినప్పుడు అది గోరువెచ్చగా నుండెను. గోళ్లలోని నలుపు మాత్రము మూడు దినములవరకు పోలేదు.