మంచు దీవిలో మంత్రాల లెక్క

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆన్‌లైన్‌లో కొత్తవాళ్లు ఓడ పగిలి ఒడ్డున పడేది కోర్తోస్ దీవి మీద. 2006 నుంచి నడుస్తున్న ఆట ఇది. తెల్ల డ్రాగన్ వల్ల దీవంతా మంచు. డివౌరర్ అనే దేవుణ్ణి కొలిచే కల్టిస్టులు, సముద్రపు సహువాగిన్లు ఊరిని పీడిస్తుంటారు. శత్రువు మీద మంత్రం ఎప్పుడు తగులుతుందో, ఎందుకు తప్పిపోతుందో దగ్గరుండి చూడాలని వెళ్లాను. దారి చూపించింది మా మేనల్లుడు. వాడి విజర్డ్‌ది ఐదో లెవెల్.

మంచులోంచి ఇద్దరు కల్టిస్టులు దూసుకొచ్చారు. "ముందు మామూలుగా వేస్తా, చూడు మామయ్యా" అంటూ శత్రువును మనవైపు తిప్పే ఛార్మ్ పర్సన్ మంత్రం వేశాడు. ముందున్నవాడు తట్టుకుని నేరుగా వచ్చి కొట్టాడు. మేనల్లుడు మంత్రం లెవెల్‌ను పెంచే హైటెన్ ఆన్ చేసి మళ్లీ వేశాడు. ఈసారి ఆ కల్టిస్టు గిరుక్కున తిరిగి తన తోటివాడి మీదే పడ్డాడు.

మొదటిసారి తట్టుకోవడం, రెండోసారి లొంగడం పాచిక మహిమ కూడా కావచ్చు. కానీ ఆ పాచికను మనవైపు ఒరిగించింది మంత్రం లెవెలే. శత్రువు దాటాల్సిన గీత 10కి మంత్రం లెవెల్, విజర్డ్ తెలివి బోనస్ కలిపితే వస్తుంది. తెలివి 18 అయితే బోనస్ 4. ఛార్మ్ ఒకటో లెవెల్ మంత్రం కనుక గీత 15. పాచికకు కలిసే శత్రువు మనోబలం 3 అనుకుంటే, 20 ముఖాల పాచికలో 12 గానీ అంతకు మించి గానీ పడితే తప్పించుకుంటాడు. అంటే నూటికి 45 సార్లు. హైటెన్‌తో అదే మంత్రం, ఐదో లెవెల్ విజర్డ్ వేయగలిగిన గరిష్ఠమైన మూడో లెవెల్‌కు చేరి గీత 17 అవుతుంది. తప్పించుకునేది 35 సార్లే. 20 పడితే మాత్రం ఎంత గొప్ప మంత్రమైనా ఆగిపోతుంది.

చాలామంది తికమకపడేది ఇక్కడే. విజర్డ్ లెవెల్ ఎంత పెరిగినా ఈ గీత దానంతటది పెరగదు. హైటెన్ లేకపోతే పాత మంత్రాలు గట్టి శత్రువుల ముందు వెలవెలబోతాయి. మొదటి రోజు నేర్చిన మంత్రానికి ఇలా చివరిదాకా పని కల్పించడం ఈ ఆట రూపకర్తలు చేసిన చాలా మంచి పని అని నా అభిప్రాయం.

"మరి డ్రౌల మీద?" అన్నాను. డ్రౌలంటే చీకటి ఎల్ఫులు; వాళ్లకు స్పెల్ రెసిస్టెన్స్ అని మరో గోడ ఉంది. దాన్ని దాటడానికి పాచికకు కలిసేది విజర్డ్ లెవెల్. మంత్రం లెవెల్‌కు అక్కడ పనిలేదు. అందుకే తర్వాత ఎంచుకునే ఫీట్‌గా (ప్రత్యేక నైపుణ్యంగా) స్పెల్ పెనిట్రేషన్ తీసుకుంటానన్నాడు. ఆ లెక్కకు అది 2 కలుపుతుంది.