పంటి పదును

దేవరకొండ, అచ్చంపేట వైపు మా లంబాడీ తండాల నుంచి సామిల్లు పనికి పోయేవాళ్లున్నారు. మొద్దులు దొర్లించేది మావాళ్లే, పొట్టు ఎత్తేది మావాళ్లే. మేం చూసిన మిల్లులో బ్లేడుకు పదును పెట్టేది కూడా మా తండా కాకే. కూలి పుస్తకంలో మాత్రం అందరూ ఒక్కటే: లేబర్.

ఆ పనిలో ఎంత చదువుందో, టీటీసీ చేసి బడిపంతుళ్లమైన మాకు కాక పక్కన కూర్చున్నాకే తెలిసింది. పదునున్న బ్లేడు కింద పొట్టు పలుకులుగా రాలుతుంది. మొద్దుబారితే పిండిలా పడుతుంది. కోసిన చెక్క నల్లబడుతుంది, కమురు వాసన వస్తుంది, మోటారు మూలుగుతుంది. అప్పుడు మెయిన్ ఆపి, బెల్టు విప్పాకే కాక బ్లేడు మీద చెయ్యి వేస్తాడు.

మొదలుపెట్టిన పంటికి సుద్దముక్కతో గుర్తు పెడతాడు. పళ్లన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయా చూస్తాడు. ఒకటి పొడవుంటే బరువంతా దాని మీదే పడుతుంది. పొట్టిది ఊరికే తిరుగుతుంది. ఒక పంటి కొన కుడికి, పక్కదాని కొన ఎడమకు కొద్దిగా వంచుతాడు. అప్పుడే కోతగాడి బ్లేడు మందం కన్నా వెడల్పవుతుంది. లేకుంటే చెక్క బ్లేడును పట్టేస్తుంది, రాపిడికి వేడెక్కి ఊగుతుంది. ఆ తర్వాత ఆకురాయి. ఒక పంటికి ఎన్నిసార్లు రాస్తే అన్నింటికీ అన్నిసార్లే. పళ్ల సందు అడుగున గుండ్రంగా ఉండాలి. మూల పడితే అక్కడే చీలిక మొదలవుతుంది. గ్రైండరు ఎక్కువసేపు ఆనిస్తే పన్ను నీలం తిరుగుతుంది, ఉక్కు సత్తువ పోతుంది.

వృత్తం పాఠం చెప్పేటప్పుడు మేం ఈ లెక్కే బోర్డు మీద వేస్తాం. 36 అంగుళాల బ్లేడు చుట్టుకొలత సుమారు 113 అంగుళాలు. నిమిషానికి 1,000 చుట్లు తిరిగితే పంటి కొన వేగం గంటకు 170 కిలోమీటర్లు దాటుతుంది. 48 పళ్లుంటే 24 కుడికి, 24 ఎడమకు. పుస్తకంలో లెక్కకు తల దించుకునే పిల్లలు దీనికి ముందుకు జరుగుతారు. ఒక పిల్లవాడి నాయనకు రెండు వేళ్లు లేవు. వేగం లెక్క దగ్గర తరగతిలో ఎవరూ మాట్లాడరు.

1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, కేంద్రం అనుమతి లేకుండా అడవుల్లో సామిల్లులు నడపరాదని చెప్పింది. కాక పనిచేసే మిల్లుకు వచ్చేది పొలంగట్ల వేప, తుమ్మ. వాటిలో ఎవరో ఎప్పుడో కొట్టిన మేకు తగిలితే పళ్లు విరుగుతాయి. అయినా మొద్దు పక్కన మావాళ్లు కనిపిస్తే అడవి దొంగలన్నట్టు చూసే చూపు పోలేదు.

పంటి అంచున తెల్లటి మెరుపు కనిపిస్తే ఇంకా మొద్దే. మెరుపు మాయమైతే పదును వచ్చినట్టు. ఆ మెరుపు ఇప్పుడు కాక కంటికి సరిగా ఆనడం లేదు. అందుకే ఆయన గోర్‌బోలిలో చెప్పింది చెప్పినట్టు తెలుగు అక్షరాల్లో రాసుకుంటున్నాం. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, ముందే వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఉంది. ఆ కబురు తండాలకు చేరాలి. మా పిల్లలు పది పాసై, పద్దెనిమిది నిండాకే మిల్లు గేటు దాటాలి. దాటిననాడు వాళ్ల పేరు ఎదురుగా పదును పెట్టే మేస్త్రీ అని రాయించుకోవాలి. ఆ మాటకు కూలి రేటు వేరు.