మునిగిన లోయకు నమూనా

ఉస్మానియా విశ్వవిద్యాలయమున చరిత్ర బోధించు మిత్రుడు, తన శిష్యులు చేయుచున్న పని యొకటి నేను తప్పక చూడవలెనని పట్టుపట్టగా, తార్నాక కూడలిలో బస్సు దిగి, ఆర్ట్సు కళాశాల గులాబివన్నె రాతిగోడలను అల్లంతనుండి చూచుకొనుచు, ఆవరణములోని యొక ఇరుకు గదిని చేరితిని. అన్ని శాఖలను త్రిప్పి చూపవలెనని మిత్రుని కోరిక. కాని కంప్యూటరు ముందు కూర్చున్న పరిశోధక విద్యార్థి చేతులను చూచిన పిమ్మట నాకు మరెచ్చటికిని కదలబుద్ధి పుట్టలేదు.

అతడు నిర్మించుచున్నది నాగార్జునకొండలోని ఇక్ష్వాకుల నాటి రంగస్థలము. 1926లో శాసన పరిశోధకుడు రంగస్వామి సరస్వతి వెలుగులోనికి తెచ్చిన ఆ లోయను, నాగార్జునసాగరు జలాశయమున మునుగుటకు ముందు, 1954 మొదలు 1960 వరకు పురావస్తు శాఖకు చెందిన ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యవమున త్రవ్వి, కొలిచి, పటములు గీచి, కొన్ని కట్టడములను కొండమీదను, జలాశయపు టొడ్డునున్న అనుపులోను మరల నిలిపిరి. రంగస్థలము అనుపున నున్నది. దానిచుట్టు నుండిన నగరము నీటి క్రింద నున్నది. ఎడమచేత అచ్చుపటముపై పెన్సిలు మొన నిలిపి, కుడిచేత మౌసుతో రెండు ఛాయాచిత్రములలోని యొకే రాతిమూలను గుర్తించి జతపరచుచు, జత కుదరని చుక్కలను ఓర్పుతో ఏరివేయుచు, మెట్టు వెంట మెట్టు లేపుచున్న అతని పనిలో నన్ను ముగ్ధుని చేసినది యొక నియమము: ఆధారమున్న రాతికి సహజవర్ణము, తాను ఊహించి చేర్చిన రాతికి బూడిదవన్నె. తెరపై నొకచోట వ్రేలు మోపినచో బూడిద రాళ్లన్నియు తొలగి, త్రవ్వకమున దొరికినంత మాత్రమే మిగులును.

ఇంతలో ప్రక్కనున్న సహాధ్యాయిని విసుగుతో, "ఈ బూడిద రంగెందుకన్నా? చూసినోళ్లంత మంచిగ లేదంటున్నరు. అంత ఒక్కటే రంగు వెయ్యరాదు" అనెను.

ఆ మాట నన్ను మిక్కిలి నొప్పించినది. మ్యూజియమునకు వచ్చిన బాలుడు నమూనాను అటునిటు త్రిప్పి చూచునపుడు, తాను చూచునది సాక్ష్యమో ఊహయో తెలిసికొనవలదా? ఆధారమెంత, ఊహయెంత, ఏ తర్కముచే ఊహించితిరో వ్రాసియుంచుడని కంప్యూటరు చిత్రణములు చేయువారిని 2009 నాటి లండన్ చార్టరు కోరినదియు నిందులకే. నాగార్జునకొండ మ్యూజియములోని లోయ నమూనా నాకు ఎంతయో ప్రియమైనది, అయినను, "ఈ రాయి దొరికినదా, పెట్టినదా?" యని అడిగినచో నది బదులు చెప్పజాలదు. ఈ తెర చెప్పగలదు. చెప్పగల శక్తి యుండియు, అందము కొరకు దాని నోరు నొక్కుట అన్యాయము.

మరియొక చింతయు నాకు కలిగెను. త్రవ్వకములు ముగిసినది 1960లో. నివేదిక తొలి సంపుటము 1975లోను, చారిత్రక యుగమునకు సంబంధించిన రెండవది 2006లోను వెలువడినవి. అంత కాలమునకు చేతికందిన కొలతలపై కట్టిన నమూనా, కంప్యూటరు పాతబడినంతనే తెరుచుకొనని దస్త్రముగా మిగులు ప్రమాదము గలదు. కావున పటములతో, కొలతలతో పాటు ప్రతి బూడిద రాతికిని గల కారణమును కాగితముపై నెక్కించి గ్రంథాలయమున భద్రపరుపవలెనని ఆ యువకునితో చెప్పితిని. ఆంగ్లమున సగము వ్రాసితినని, తెలుగున నింకను మొదలే పెట్టలేదని అతడు చెప్పగా, మిత్రుని పిలిచి, ఈ యేటనే ఆ పనికొక విద్యార్థిని నియమింపుమని కోరితిని.